కొండదారిలో కుటుంబమంతా మృతి: విషమా, వడదెబ్బా?

ప్రశ్న: డాక్టర్ గారూ, 2021లో అమెరికాలోని కాలిఫోర్నియాలో భార్యాభర్తలు, వాళ్ల ఏడాది పాప, పెంపుడు కుక్క ఒకే కొండదారిలో చనిపోయి కనిపించారు. ఒంటి మీద గాయాల్లేవు. పాత గని నుంచి విషవాయువు వచ్చిందని, నదిలో విషపు నాచు ఉందని, పిడుగు పడిందని వీడియోల్లో ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. చివరికి వడదెబ్బ అని తేల్చారట. వయసులో ఉన్నవాళ్లు ఒక్క పూట ఎండకే అలా పోతారా? మేం చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు పోదామనుకుంటున్నాం. మాకు 14 నెలల పాప ఉంది. అమ్మ బీపీ మాత్రలు వాడుతుంది.
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: పోతారు. మారిపోసా కౌంటీలో జరిగిన ఆ ఘటనలో అధికారులు రెండు నెలలు పరీక్షించి, ఒక్కో అనుమానాన్ని కొట్టేసుకుంటూ వచ్చారు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పీల్చి ఉంటే రక్త పరీక్షలో దొరుకుతుంది. పైగా అది ఆరుబయట, గాలి ఆడే చోటు. పిడుగు పడితే ఒంటి మీదో చుట్టుపక్కలో ఆనవాలు ఉంటుంది. కింద మెర్సెడ్ నది నీళ్లలో నాచు విషం ఉన్న మాట నిజమే కానీ, ఆ నీళ్లు వాళ్లు తాగినట్టు ఆధారం దొరకలేదు. అక్టోబరులో ప్రకటించిన కారణం: విపరీతమైన వేడి, బహుశా దానికి తోడు ఒంట్లో నీరు ఇంకిపోవడం.

వడదెబ్బతో పోయినవాళ్ల శరీరంలో ‘ఇదీ గుర్తు’ అని చూపించగలిగే మచ్చ ఉండదు. మిగతా కారణాలు ఒక్కోటీ లేవని తేలాకే ఆ మాట రాయగలం. ఆ ఆలస్యంలోనే పుకార్లు పుడతాయి. మన ఊళ్లలోనూ ఏప్రిల్, మే నెలల్లో పొలం దగ్గర ఎవరైనా కూలిపోతే గుండెపోటనో, గాలి సోకిందనో అనుకుని ఊరుకుంటారు.

ఆ కుటుంబాన్ని దెబ్బతీసింది ఆ దారి తీరు. పొద్దున ఎనిమిదింటికి ముందే, 24 డిగ్రీల చల్లదనంలో నది వైపు దిగారు. మధ్యాహ్నం తిరిగి ఎక్కే దారి దక్షిణం వైపు తిరిగిన నిట్టనిలువు వాలు. 2018 కార్చిచ్చులో చెట్లు కాలిపోయి నీడ లేదు. ఎండ 42 డిగ్రీలు దాటింది. అందరికీ కలిపి ఉన్నది రెండున్నర లీటర్లు పట్టే నీళ్ల సంచీ ఒక్కటే. దొరికేసరికి ఆ సంచీ ఖాళీ. పదకొండు యాభైఆరుకు సాయం కోరుతూ మెసేజ్ పెట్టారు, ఆ తర్వాత ఫోన్లు కూడా చేశారు. సిగ్నల్ లేక ఏదీ అందలేదు.

గాలి చర్మం కన్నా వేడిగా ఉంటే ఒంటిని చల్లార్చేది చెమట ఒక్కటే. బరువుతో గుట్ట ఎక్కుతుంటే కూర్చున్నప్పటి కన్నా ఐదారు రెట్ల వేడి లోపల పుడుతుంది, గంటకు లీటరు దాకా చెమట పోతుంది. నీళ్లు అయిపోతే రక్తం చిక్కబడి చర్మానికి చాలినంత చేరదు, లోపలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, మెదడు మసకబారుతుంది. పసిపిల్లలకు బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా ఎక్కుతుంది. అడిగి నీళ్లు తాగలేరు. మీరు ఎత్తుకుంటే మీ ఒంటి వేడి కూడా వాళ్లకే. ఎండ తగలకుండా పైన గుడ్డ మూసేస్తే ఇంకా ఉడికిపోతారు.

సలేశ్వరం కూడా లోయలోకి దిగి, తిరిగి ఎక్కాల్సిన చోటే. రాళ్ల దారి, జాతర రద్దీ, సిగ్నల్ అందని అడవి. అందుకే చెబుతున్నా: 14 నెలల పాపను తీసుకెళ్లకండి. అమ్మను, పాపను ఇంట్లోనే ఉంచి మీరిద్దరూ వెళ్లిరండి. అమ్మ వాడేవాటిలో మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర గానీ, గుండె వేగం తగ్గించే మాత్ర గానీ ఉంటే ఎండను తట్టుకునే శక్తి తగ్గుతుంది. అలాగని మాత్ర మానేయొద్దు, రాసిన డాక్టరును అడగండి.

మీరు అటవీశాఖ వదిలే మొదటి వేళకే బయల్దేరి, పది గంటలకల్లా పైకి వచ్చేయండి. మనిషికి కనీసం నాలుగు లీటర్లు పట్టుకోండి. టైగర్ రిజర్వులో ప్లాస్టిక్ వద్దంటారు కాబట్టి స్టీలు సీసాలు మేలు. సగం నీళ్లు అయ్యాక వెనుదిరగాలనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఎక్కడానికే ఎక్కువ ఖర్చవుతాయి కాబట్టి మూడో వంతు తాగగానే తిరగండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరు సీసాలో కలిపితే ఉప్పు, చక్కెర చిక్కనై దాహం, విరేచనాలు పెరుగుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరుకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవండి. ముందు రాత్రి కల్లు, మందు వద్దు. పొద్దున ఉప్పేసిన అంబలో, మజ్జిగో తాగి కదలండి. పచ్చగా తెట్టె కట్టిన నీళ్లు తాగొద్దు. నాచు విషం మరిగించినా పోదు.

తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, పిక్కలు పట్టేయడం మొదలైతే నీడకు చేరి గంటైనా ఆగండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని భ్రమపడొద్దు. నడుస్తూ కూలిపోయినవాళ్లకు చెమట ఆగకపోవచ్చు. ముందు చల్లార్చండి, ఆ తర్వాతే మోయండి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడుపుతూ తువ్వాలతో గట్టిగా విసరండి. వాగు పక్కనే ఉంటే తల పట్టుకుని మెడ దాకా నీళ్లలో ఉంచండి. తడి దుప్పటి కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. గుంపును దూరం జరపండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు, పైగా కాలేయానికి చెరుపు. సిగ్నల్ ఉన్న చోటికి ఒకరిని పంపి 108కి ఫోన్ చేయించండి.

తేరుకుని మామూలుగా మాట్లాడుతున్నా అచ్చంపేట ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. కండరాలు, కాలేయం, కిడ్నీలు దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, సరిగా రాకపోయినా ఆ రోజే రక్త పరీక్షలు చేయించండి.