ఇంత బానిసత్వం ఉన్న లోకంలో క్రైస్తవ నిరీక్షణ అంటే "ఓర్చుకో, పరలోకం ఉంది" అనడమేనా?

ప్రశ్న అడిగినవారి అనుమానం సూటిగానే ఉంది: పరలోకం ఆశ చూపించి బాధితుల నోరు మూయించడానికే ఈ నిరీక్షణ పనికొస్తుందా అని. అంతే అయితే బానిసల యజమానులకు బైబిలు బాగా నచ్చి ఉండాలి కదా. వాళ్లకు అది భయం పుట్టించింది, దానికి అచ్చులో సాక్ష్యం ఉంది.

1807లో లండన్‌లో ఒక బైబిలు వేశారు. కరేబియన్ దీవుల్లోని బ్రిటిష్ తోటల్లో చాకిరీ చేసే ఆఫ్రికన్ బానిసల కోసం ఏరిన భాగాలివి అని దాని పేరులోనే ఉంది. ప్రొటెస్టెంట్ బైబిల్లో 1189 అధ్యాయాలుంటే దానిలో ఉంచినవి 232. ఏవి ఉంచారో, ఏవి తీసేశారో చూడండి. అన్నలు యోసేపును అమ్మేసిన కథ ఉంది, ఎందుకంటే అతడు పరాయి దేశంలో దాసుడై నమ్మకంగా పనిచేసి పైకొచ్చాడు. మోషే ఫరో ముందు నిలబడి నా ప్రజలను పోనియ్యమన్న కథ మాత్రం లేదు. ఇశ్రాయేలు ఐగుప్తు దాటిన ఘట్టమే మాయం. పొరుగువాడి చేత జీతం ఇవ్వకుండా పని చేయించుకునేవాడికి శ్రమ అన్న యిర్మీయా 22:13 లేదు. దాసుడని, స్వతంత్రుడని తేడా లేదన్న గలతీ 3:28 లేదు. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీ 6:5 మాత్రం భద్రంగా ఉంది. బానిసలకు సువార్త చెప్పాలనుకున్న భక్తులే ఈ పని చేశారు. ఏ వచనం చదివితే ఎవరు తల ఎత్తుతారో వాళ్లకు బాగా తెలుసు. "ఓర్చుకో" అని మాత్రమే చెప్పే క్రైస్తవ్యం కావాలంటే నిర్గమకాండాన్ని కత్తిరించక తప్పలేదు.

ఇప్పుడు ఎవరూ కత్తెర పట్టుకోవడం లేదు, కానీ ప్రసంగాల్లో అదే జరుగుతోంది. "దాసులారా" అని మొదలయ్యే వాక్యం మీద గంటసేపు మాట్లాడే బోధకులు కొలస్సీ 4:1కి వచ్చేసరికి తొందరపడతారు. యజమానులకూ పరలోకంలో ఒక యజమానుడున్నాడు, న్యాయమైనది ఇవ్వండి అని చెప్పే వచనం అది. యాకోబు 5:4లో బిగపట్టిన కూలి తానే మొరపెడుతుంది. ఆ వచనం మీద మీ సంఘంలో చివరిసారి ప్రసంగం ఎప్పుడు జరిగింది?

ఇక ఈనాటి సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం 2021లో ఏ రోజు లెక్క తీసినా దాదాపు 5 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. అందులో 2.76 కోట్ల మందిది బలవంతపు చాకిరీ, 2.2 కోట్ల మందిది బలవంతపు పెళ్లి. చాకిరీలో చాలామందిని కట్టిపడేసేది అప్పే. మధ్యవర్తి అడ్వాన్సు ఇస్తాడు, లేదా ఉద్యోగం ఇప్పిస్తానని ఫీజు కట్టించుకుంటాడు. ప్రయాణం, గది, తిండి, ఆలస్యానికి జరిమానా, అన్నీ ఒకే ఖాతాలోకి ఎక్కుతాయి. ఆ పుస్తకం ఉండేది యజమాని చేతిలో. భద్రం కోసమంటూ పాస్‌పోర్టు తీసుకుంటారు. బయలుదేరేటప్పుడు చూపిన కాంట్రాక్టు ఒకటి, చేరాక సంతకం పెట్టించేది ఇంకొకటి. తలుపుకు తాళం లేకపోయినా ఆ మనిషి పారిపోడు, ఎందుకంటే ఇంటి దగ్గరున్న వాళ్ల మీద అప్పు పడుతుంది, వీసా యజమాని పేరు మీద ఉంటుంది, పోలీసులు తననే పట్టుకుంటారన్న భయం ఉంటుంది.

ఇది మామూలు అప్పా, బానిసత్వమా తేల్చడానికి బానిసత్వంపై 1956 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక పనికొస్తుంది. చేసిన పనికి న్యాయంగా వెలకట్టి అప్పులో జమ వేస్తున్నారా? ఏ పని, ఎంతకాలం అన్న హద్దు ఉందా? ఈ రెంటిలో ఏది లేకపోయినా అది అప్పు బానిసత్వమే.

అందుకే ఈ విషయంలో ఫిలేమోను పత్రికకు సాటి వచ్చే భాగం తక్కువ. యజమాని ఫిలేమోను దగ్గర నుంచి వెళ్లిపోయిన ఒనేసిము అనే దాసుడి గురించి పౌలు ఆ యజమానికే రాస్తూ, అతడి బాకీ ఏమున్నా నా లెక్కలో చేర్చు, నేనే తీరుస్తాను అని సొంత చేతిరాతతో రాసిచ్చాడు. ఇక్కడ ఒక జాగ్రత్త. దీన్ని చూసి యజమానికి డబ్బు కట్టి మనుషుల్ని విడిపించబోకండి. ఆ డబ్బుతో అతడు ఇంకొకరిని తెచ్చుకుంటాడు. బాకీని చట్టప్రకారం రద్దు చేయించాలి, రావలసిన కూలి రాబట్టాలి. ఆ పనికయ్యే ఖర్చు, తిరుగుడు, కోర్టు వాయిదాలు మన లెక్కలో రాసుకోవాలి. పౌలు సంతకాన్ని ఇప్పుడు పాటించడం అంటే అది.

ద్వితీయోపదేశకాండం 15 ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: విడిచిపెట్టే దాసుణ్ణి వట్టి చేతులతో పంపకు, మందలోంచి, కళ్లంలోంచి, గానుగలోంచి ఇచ్చి పంపు. 1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు దీనికి తలకిందులుగా చేసింది. 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకు ఇచ్చింది, బానిసలకు ఏమీ ఇవ్వలేదు. పైగా అప్రెంటిస్ అని పేరు మార్చి 1838 దాకా పాత యజమానుల దగ్గరే పని చేయించింది. ఇవాళ్టి రక్షింపు పనులు చెడిపోయేది కూడా ఇక్కడే. దాడి జరుగుతుంది, ఫొటోలు వస్తాయి, బయటపడ్డవాళ్ల చేతిలో గుర్తింపు కార్డుండదు, బ్యాంకు ఖాతా ఉండదు, కూలి బకాయి రాదు. కొన్నాళ్లకు అదే మధ్యవర్తి అడ్వాన్సు పట్టుకుని వస్తాడు.

కాబట్టి సంఘాలు సొంతంగా తలుపులు బద్దలు కొట్టబోవద్దు. సమాచారం ముందే పొక్కితే రాత్రికి రాత్రే మనుషుల్ని వేరే చోటికి తరలిస్తారు. చూసింది చూసినట్టు రాసి పెట్టండి: తేదీ, చోటు, వాహనం నంబరు, ఎంతమంది, పిల్లలున్నారా. ఆ వివరాలు కార్మిక శాఖకో, పోలీసులకో, ఈ పనిలో అనుభవమున్న సంస్థకో ఇవ్వండి. బయటికొచ్చిన మనిషిని ఆ ఆదివారమే వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించే అలవాటు నాకు చాలా కోపం తెప్పిస్తుంది. వాళ్ల కథ కానుకల పెట్టె నింపడానికి కాదు, పైగా బహిరంగంగా చెప్పిన ప్రతి మాటనూ ప్రతివాది లాయరు రేపు కోర్టులో తిప్పి అడగగలడు. క్షమించు అని తొందరపెట్టడం కూడా మానాలి. క్షమాపణ కేసు వెనక్కి తీసుకోవడానికి ఇచ్చే రసీదు కాదు.

ఇంతా చేసినా అందనివాళ్లు ఉంటారు, చనిపోయినవాళ్లు ఉంటారు. 1781లో జోంగ్ అనే బానిసల ఓడ నుంచి సుమారు 130 మంది ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోశారు. ఓడ యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున బీమా అడిగారు. 1783లో లండన్ కోర్టులో నడిచింది బీమా వ్యాజ్యం, హత్య కేసు కాదు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ మనుషులకు ఇక ఏ చట్టమూ, ఏ సంస్థా ఏమీ చేయలేవు. సముద్రం తనలోని మృతులను అప్పగిస్తుందని ప్రకటన 20:13 చెబుతోంది. క్రైస్తవ నిరీక్షణ చేసే అసలు వాదన ఇదే: చంపబడినవాళ్ల ఫైలు మూసే అధికారం హంతకుడికి లేదు. తీర్పు, పునరుత్థానం లేని ఆశ బతికున్నవాళ్లకే సరిపోతుంది. ఆ ఓడలో ఉన్నవాళ్లకు అది చాలదు.

దేవుడు ముందే ఎందుకు ఆపలేదంటే, నాకు తెలిసిన జవాబులేవీ బాధితుల ముందు చెప్పదగ్గవి కావు. మీ సంఘంలో దీనిపై ప్రార్థన పెడితే కీర్తన 88 చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, దాన్ని వెలుగులోకి లాగే ప్రయత్నం చేయకండి. తర్వాత ప్రకటన 18 చదవండి. బబులోను వర్తకుల సరుకుల జాబితా బంగారంతో మొదలై మనుషుల ప్రాణాలతో ముగుస్తుంది, ఇక కొనేవాడు లేడని ఆ వర్తకులు ఏడుస్తారు. ఆ రెండూ అయ్యాక, మన ఇళ్లలో, మన వ్యాపారాల్లో పనిచేసేవాళ్లకు ఇవ్వాల్సిన కూలి బాకీ ఏమైనా ఉందేమో చూసి, ఆ వారంలోనే తీర్చేయండి.