మిద్దె ఉరిస్తే ఎవరు బాగు చేయించాలి?

ప్రశ్న: అనంతపురంలో పై పోర్షన్‌లో బాడుగకు ఉంటున్నాం. ముందు గదిలో నేను మిషన్ కుట్టుకుంటాను. వాన పడితే మిద్దె ఉరిసి, నీళ్లు గోడ వెంబడి స్విచ్‌బోర్డు దాకా దిగుతున్నాయి. మొన్న స్విచ్ వేస్తే చెయ్యి జివ్వుమంది. ఓనరేమో, ‘చిన్న చిన్న రిపేర్లు మీవేనని అగ్రిమెంట్‌లో ఉంది కదమ్మా’ అంటున్నాడు. ఈ నెల బాడుగ ఆపేస్తే దారికొస్తాడా సార్?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: బాడుగ మాత్రం ఆపొద్దమ్మా. ఆపితే రిపేరు సంగతి పక్కకు పోయి, మీరు బాకీ పడ్డారన్నదే కేసవుతుంది. ముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. డబ్బులు ఎవరివో తర్వాత తేల్చుకోవచ్చు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఓనరు చేయించాల్సిన రిపేరును, చెప్పిన తర్వాత కూడా తగిన గడువులో చేయించకపోతే బాడుగకున్నవాళ్లే చేయించుకుని, ఖర్చును వడ్డీతో సహా బాడుగలో పట్టుకోవచ్చు. వినడానికి బాగుంది. కానీ ఏ రిపేరు ఓనరుదో ఆ చట్టం జాబితా ఇవ్వలేదు, అది అగ్రిమెంట్‌లో ఉండాలి. కర్నూలు కోర్టు బయట టైపు చేయించే అగ్రిమెంట్లు రోజూ చూస్తుంటాను. బాడుగ ఎంత, అడ్వాన్స్ ఎంత, గోడకు మేకులు కొట్టరాదు... అన్నీ ఉంటాయి. మిద్దె కారితే ఎవరు చూడాలో ఒక్క లైను ఉండదు!

ట్యాపు వాషరు, ఫ్యూజు, బల్బు హోల్డరు, ఇవీ చిన్న రిపేర్లు. మిద్దె ఉరవడం ఆ లెక్కలోకి ఎట్లా వస్తుంది?

మీది 11 నెలల అగ్రిమెంటే అయ్యుంటుంది. రెన్యువల్ అప్పుడు ఇట్లా రాయించండి: ‘పైకప్పు, గోడల చెమ్మ, వైరింగ్, ఎర్త్, నీళ్ల మోటారు, డ్రైనేజీ మరమ్మతులు యజమానివి. వాట్సాప్‌లో గానీ ఉత్తరంలో గానీ తెలిపిన 15 రోజుల్లో, కరెంటు షాక్ అయితే 24 గంటల్లో చేయించాలి. లేనిపక్షంలో బాడుగదారు చేయించి, బిల్లు ఇచ్చి బాడుగలో మినహాయించుకోవచ్చు.’ మెయిన్ దగ్గర 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించాలన్నది కూడా చేర్చండి. మిషన్ మీద పనిచేసేవాళ్లకు అది తప్పనిసరి అంటాను.

మీ ఊరి ఎండకు పై పోర్షన్ అంటే పెనమే. వేసవికి ముందు మిద్దె మీద తెల్ల సున్నం కొట్టించడం ఎవరి ఖర్చో, కిటికీకి బిగించిన కూలర్‌ను ఖాళీ చేసేటప్పుడు మీరే తీసుకుపోతారనీ రాసుకోండి. ఇట్లాంటివాటికి ఓనర్లు పెద్దగా అడ్డుచెప్పరు, అడ్వాన్స్ చేతిలో పడకముందు అడిగితే.

ఇప్పటికైతే చెమ్మ గోడ ఫోటోలు తీసి, తేదీతో ఓనరుకు వాట్సాప్ చేయండి. అదే సంగతి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులోనూ పంపండి. ఆయన తీసుకోక కవరు తిరిగొస్తే, విప్పకుండా అట్లాగే దాచిపెట్టండి.