వీడియోలు చూస్తే ఈత వస్తుందా? వస్తుంది, కానీ ముందు ఒకసారి నీళ్లలో దిగాలి

ఫ్రీస్టైల్ ఈత వీడియోలు నెలల తరబడి చూస్తున్నా, అంతా అర్థమైనట్టే ఉంటుంది, పూల్‌లో దిగి నాలుగు బారలు వేసేసరికి ఊపిరి అందట్లేదు, అసలు చూసి నేర్చుకోవడం అనేది కుదిరే పనేనా అని అడిగారు. కుదురుతుంది. కాకపోతే మీరు దిగడం తక్కువ, చూడటం ఎక్కువ చేస్తున్నారు, పైగా చూడాల్సిన చోట చూడట్లేదని నా అనుమానం. నేను వైజాగ్‌లో, బీచ్ రోడ్డు పూల్‌లో, ముప్పై దాటాక ఈత నేర్చుకున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ "అర్థమైపోయింది" అనే ఫీలింగ్‌ని నమ్మకండి. షికాగో యూనివర్సిటీ వాళ్లు మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ దీని మీద చేసిన ప్రయోగాలు 2018లో అచ్చయ్యాయి. టేబుల్ మీది సామాను కదలకుండా కింద గుడ్డ లాగెయ్యడం, వెనక్కి జారుతూ నడిచే మూన్‌వాక్, డార్ట్‌లు విసరడం లాంటి వీడియోలు కొందరికి ఒక్కసారి, కొందరికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవాళ్లకి మాకూ వచ్చేస్తుందన్న ధీమా పెరిగింది గానీ, తీరా డార్ట్‌లు చేతికిస్తే ఒక్కసారి చూసినవాళ్ల కంటే బాగా వేసిందేమీ లేదు. అందులోనే ఇంకోటి ఉంది, నాకు అదే బాగా నచ్చింది. బౌలింగ్ ఆటలో బంతితో పడగొట్టే సీసాల్లాంటి పిన్నులు ఉంటాయే, వాటిని గాల్లోకి ఎగరేసి పట్టుకునే జగ్లింగ్ వీడియో చూపించాక, కొందరి చేతికి ఆ పిన్నులు కాసేపు ఇచ్చారు. ఎగరేయమనలేదు, ఊరికే పట్టుకోమన్నారంతే. దాంతో వాళ్ల ధీమా కాస్త దిగింది. బరువు చేతికి తగిలాక గానీ, వీడియోలో మనకి అందనిది ఏమిటో తెలియలేదన్నమాట.

2005లో లండన్‌లో బ్యాలే చేసేవాళ్లకీ, డాన్సులా ఉండే బ్రెజిల్ యుద్ధవిద్య కపోయెరా చేసేవాళ్లకీ రెండు రకాల వీడియోలూ చూపించి మెదడు స్కాన్ చేశారు. ఎవరికి వాళ్లు తాము నేర్చుకున్న విద్యని చూస్తున్నప్పుడే కదలికలకు సంబంధించిన భాగాలు ఎక్కువ స్పందించాయి. అంటే ఒకే వీడియో ఈత వచ్చినవాడికి ఒకలా, మీకు ఇంకోలా అందుతుంది. అందుకే రాత్రి మంచం మీద గంట సేపు చూసే కంటే, పూల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి రెండు లెంగ్త్‌లు కొట్టి, ఆయాసంతో గట్టున కూర్చుని పక్కవాడిని ఐదు నిమిషాలు చూడండి. అప్పుడు మీ దగ్గర ఒక ప్రశ్న ఉంటుంది, కన్ను దాని జవాబు వెతుకుతుంది.

ఇక ఎక్కడ చూడాలన్నది. పొద్దున్నే పెదజలారిపేట వైపు నడకకి వెళ్తే ఎప్పుడైనా విసురువల వేసేవాళ్లు కనిపిస్తారు. తాడు ఒక మణికట్టుకి చుట్టుకుని, వలని మడతలుగా పోగేసి, సీసం గుళ్లు ఉన్న అంచులో కొంచెం పళ్లతో కరిచి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి వదిలితే అది గాల్లో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడుతుంది. అందరం వలనే చూస్తాం, మహా అయితే చేతుల్ని. ఒకాయన నన్ను చూసి నవ్వి, "చేతులు సూస్తారేటి బాబూ, నడుం సూడండి" అన్నారు. నిజమే, నడుం అప్పటికే వెనక్కి తిరిగి ఉంది, ముందు పాదం ఇసకలో పాతుకుని ఉంది, చేతులు చివర్లో వదలడమే చేస్తున్నాయి. అక్కడి గుంటలకి, అదే పిల్లలకి, ఇది ఎవరూ క్లాసు పీకి నేర్పరు. చూస్తారు, చిన్న వల తీసుకుని వేస్తారు, అది ముద్దగా పడుతుంది, పెద్దోళ్లు తిడతారు, మళ్లీ చూస్తారు.

మీ ఈతలో కూడా అంతే, మీరు చేతులు చూస్తున్నారు. మీ ఇబ్బంది ఊపిరి అయితే ఈసారి నీళ్ల కింద తీసిన వీడియో పెట్టుకుని బుడగలు చూడండి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వస్తూనే ఉంటాయి. మనలాంటివాళ్లు లోపల గాలి బిగబట్టి, తల పైకి వచ్చిన ఆ ఒక్క క్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చెయ్యాలని చూస్తాం, అది అయ్యే పని కాదు. తర్వాత తల చూడండి. తల ఎత్తరు, ఒంటితో పాటు పక్కకి తిప్పుతారంతే, ఒక కన్ను ఇంకా నీళ్లలోనే ఉంటుంది. తల ఎత్తితే నడుం మునుగుతుంది, ఆ మునిగినదాన్ని లాగలేకే సగం ఆయాసం. ఒకసారికి ఒక్కటే చూడండి, ఒక్కటే చెయ్యండి.

ఇంకో మాట, ఒలింపిక్స్ వాళ్లని చూడటం కొన్నాళ్లు ఆపెయ్యండి. వాళ్ల ఈతలో తప్పు కనపడదు కాబట్టి మనకి పట్టుకోడానికి ఏమీ దొరకదు. మీ కంటే నెల ముందు చేరినవాళ్ల పక్కన నిలబడి, మాస్టారు వాళ్లని ఏం దిద్దుతున్నారో వినండి. నాకు మోకాళ్లు మరీ వంచకుండా తొడ నుంచి కాళ్లు కొట్టాలన్న సంగతి తలకెక్కింది పక్క లేన్‌లో ఒక స్కూలు పిల్లాడు తిట్లు తింటుంటే చూసి.

ప్రాక్టీసు మాత్రం పూల్‌లోనే చెయ్యండి. వీడియోలు చూసిన ధైర్యంతో ఆర్కే బీచ్‌లోనో యారాడలోనో దిగొద్దు, అక్కడ నీరు లోపలికి లాగితే బాగా ఈదేవాళ్లే ఇబ్బంది పడతారు. వీలైతే ఎవరితోనైనా మీ ఈతని గట్టు మీద నుంచి పక్కగా ఒక అర నిమిషం తీయించుకుని, మీరు చూస్తున్న వీడియో పక్కన పెట్టి చూసుకోండి, తల దగ్గర ఆపి ఆపి. ఫోన్ బయటికి తీసే ముందు పూల్ వాళ్లని ఒకమాట అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు.