ఏళ్లుగా కదలని స్పోర్ట్స్ బండిని ఇంట్లో బాగుచేయవచ్చా? చేయవచ్చు, రంగు సంగతి మాత్రం చివరికి వదిలేయండి

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పాత స్పోర్ట్స్ బైకును ఇంట్లోనే నడిచే స్థితికి తేవచ్చా అన్నది ఒకటి. మొత్తం విప్పి, ముందు రంగు వేయించి, ఆ తర్వాత ఇంజిన్ సంగతి చూద్దామనుకుంటున్నాను, సరేనా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు: తేవచ్చు, నేను తెచ్చాను. రెండోదానికి: దయచేసి ఆ పని చేయకండి. ఇంటి దగ్గర మొదలైన ఇలాంటి పనులు ఇంజిన్ మొండికేసినందువల్ల ఆగిపోవడం నేను చూడలేదు. ఉత్సాహం కొద్దీ ఒకే వారంలో బండినంతా విప్పేసి, బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోసి, ఏది ఎక్కడిదో మరిచిపోయిన రోజునే అవి ఆగిపోతాయి.

మాది అన్నయ్య బండి. 1990ల నాటి జపాన్ తయారీ, 600 సీసీ, నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బురేటర్లు (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించేవి), ఒళ్లంతా ఫెయిరింగ్ అనే ప్లాస్టిక్ తొడుగు. 1985లో సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750, 1987లో హోండా సీబీఆర్600ఎఫ్ వచ్చాక పందేల బండి ఆకారం మామూలు రోడ్డు మీదకు దిగింది కదా, ఆ వరసలోదే. పన్నెండేళ్లు టార్పాలిన్ కింద నిలబడి ఉంది. నిలబెట్టిన రోజున ట్యాంకులో సగం పెట్రోలు ఉందట. ఆ సగం ట్యాంకే తర్వాత నా ఆదివారాలన్నీ మింగేసింది.

టార్పాలిన్ తీయగానే అన్నయ్య కూడా మీలాగే అన్నాడు: "ముందు రంగు వేయించరా, చూడటానికైనా ఊపు వస్తుంది."

"ఇంజిన్ తిరుగుతుందో లేదో తెలియకుండా రంగెందుకు అన్నయ్యా" అన్నాను. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

ముందుగా చేయవలసింది బ్యాటరీ పెట్టి బటన్ నొక్కడం కాదు. ఏళ్లుగా కదలని పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుని ఉండవచ్చు. అలాంటి ఇంజిన్‌ను సెల్ఫ్ మోటారుతో బలవంతంగా తిప్పితే గోడలు గీసుకుపోతాయి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ప్రతి రంధ్రంలో ఒకటి రెండు చెంచాల ఇంజిన్ ఆయిలు పోసి, ఒక రాత్రంతా వదిలేశాను. తెల్లవారి ఇంజిన్ ఇరుసైన క్రాంక్ చివర ఉన్న బోల్టుకు స్పానర్ పెట్టి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే మెల్లగా తోశాను. మొదట కదలలేదు. పొడవాటి పైపు తగిలించి ఊగిపోకుండా మరో రోజు ఆగాను. ఆ మర్నాడు వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. ఆ ఒక్క రోజు ఆగకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. జపాన్ బండ్ల మీద ప్లస్ ఆకారంలో కనిపించే స్క్రూలు మామూలు ఫిలిప్స్ స్క్రూలు కావు, జేఐఎస్ అనే జపాన్ కొలతవి. తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్ స్క్రూయే. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ దాని అడుగు దాకా దిగదు. గట్టిగా తిప్పితే పైకి జారి తలను అరగదీస్తుంది. మా బండి కార్బురేటర్ కప్పుల స్క్రూల్లో సగానికి తలలు అరిగి గుండ్రంగా అయిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో మెకానిక్కు చేసిన పని అది. అదే చేయి కప్పు అతుకు దగ్గర సిలికాన్ గమ్ము కూడా దట్టంగా పూసింది. రబ్బరు సీలు ఉండవలసిన చోట గమ్ము పూస్తే అది పెట్రోలుకు ఉబ్బి, ముక్కలై జెట్లలోకే, అంటే పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ఇత్తడి ముక్కల్లోకే పోతుంది. ఇలాంటి పనులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సరైన స్క్రూడ్రైవర్ ఒక్కటి కొనుక్కుంటే మీ పనిలో సగం చిరాకు పోతుంది.

ఇక కార్బురేటర్లు. అసలు కథంతా ఇక్కడే ఉంది. పెట్రోలులో తేలికైన భాగం ఆవిరైపోయాక మిగిలినది గాలి తగిలి చిక్కబడి, చివరికి తేనె రంగు జిగురుగా మారుతుంది. కప్పులు విప్పినప్పుడు అడుగున అదే కనిపించింది. ఘాటైన పాత వార్నిష్ వాసన రెండు రోజులు చేతులను వదల్లేదు. నాలుగింటినీ శుభ్రం చేశాను. కార్బురేటర్ క్లీనర్ కొట్టాను, గాలి పెట్టి ఊదాను, తళతళలాడేలా తుడిచాను. బిగించి, బయట వేలాడదీసిన చిన్న సీసా నుంచి కొత్త పెట్రోలు ఇచ్చి, చోక్ లాగి స్టార్ట్ చేశాను. ఆరో ప్రయత్నానికి అందుకుంది. పన్నెండేళ్ల తర్వాత మొదటి శబ్దం! అన్నయ్య ఇంట్లోంచి చెప్పులు లేకుండానే పరుగెత్తుకొచ్చాడు.

కానీ ఆ శబ్దం సరైనది కాదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ స్లో స్పీడులో సన్నగా, ఒకే తీగ లాగినట్టు పలకాలి. ఇది తడబడుతూ కుంటింది. ఏదో ఒక సిలిండర్ మిస్సవుతోందని తెలుస్తూనే ఉంది. ఏది?

దీనికి పరికరమేమీ అక్కర్లేదు. స్టార్ట్ చేసిన అర నిమిషంలో చెంబులో నీళ్లు తెచ్చి, ఇంజిన్ నుంచి బయటకు వచ్చే నాలుగు ఎగ్జాస్ట్ పైపుల మీదా వేళ్లతో చిలకరించాను. ఒకటో పైపు మీద చుయ్యిమంది. రెండోది చుయ్యిమంది. నాలుగోదీ అంతే. మూడో పైపు మీద పడిన చుక్క మాత్రం చుక్కలాగే నిలిచి, కిందకు మెల్లగా జారి, అంచున వేలాడింది. చేత్తో తాకాను, చల్లగా ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది వెంటనే ప్లగ్గు, దానికి కరెంటు ఇచ్చే కాయిలు, వైరింగ్ అంటూ కొత్తవి కొనడం మొదలుపెడతారు. ఒక్క నిమిషం ఆలోచించండి. ఈ రకం ఇంజిన్లలో సాధారణంగా రెండో, మూడో సిలిండర్లకు కలిపి ఒకే కాయిలు ఉంటుంది. రెండోది మండుతోందంటే కాయిలు బాగానే ఉన్నట్టే. ప్లగ్గులు అటుదిటు మార్చి చూశాను, మూడో పైపు అలాగే చల్లగా ఉంది. అప్పుడు యాక్సిలరేటర్ మెల్లగా తిప్పాను. 4,000 ఆర్‌పీఎం దాటగానే మూడోది కూడా అందుకుంది, శబ్దం ఒక్కసారిగా నిండుగా మారింది. వదలగానే మళ్లీ కుంటుడు. అంటే ఎక్కువ స్పీడుకు పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్ పనిచేస్తోంది, స్లో స్పీడుకు పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ పనిచేయడం లేదు. ఇంజిన్ తన జబ్బు ఇంత స్పష్టంగా తానే చెబుతుంటే కొత్త కాయిలు ఎందుకు కొనాలి?

కార్బురేటర్ల వరుసను మళ్లీ ఊడదీయాలి. ఈ పని ఎంత మొండిదో చేసినవారికే తెలుసు. ఇంజిన్‌కూ కార్బురేటర్లకూ మధ్య ఉండే రబ్బరు గొట్టాలు ఏళ్లు గడిచేసరికి చెక్కలా గట్టిపడతాయి. జుట్టు ఆరబెట్టుకునే డ్రైయరుతో వాటిని వేడిచేస్తే కాస్త మెత్తబడి వదులుతాయి, అంతకు మించి బలం పెడితే చీలతాయి. మూడో కార్బురేటర్ కప్పు తీసి, లోపల సన్నటి గొట్టంలో దాగి ఉన్న పైలట్ జెట్‌ను ఈసారి పూర్తిగా బయటకు తీశాను. మొదటిసారి దాన్ని తీయలేదు. గట్టిగా పట్టేసి ఉంటే, ఇత్తడి గాడి విరుగుతుందేమోనని ఉన్నచోటే క్లీనర్ కొట్టి వదిలేశాను. ఈసారి గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పున్న స్క్రూడ్రైవర్ పెట్టి, నిలువుగా నొక్కి తిప్పితే టక్కున వదిలింది.

గోరంత ఇత్తడి ముక్క అది. దాని మధ్యలోని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. మిగతా మూడు జెట్లనూ తీసి ఒక్కొక్కటిగా కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూశాను. మూడింటిలోనూ సూది మొనంత వెలుగు కనిపించింది. దీనిలో చీకటి. అంతసేపు క్లీనర్ కొట్టినా, ఊదినా ఆ జిగురు కదలనే లేదన్నమాట. రాత్రంతా క్లీనర్‌లో నానబెట్టి, పాత కరెంటు తీగలోంచి వెంట్రుకలాంటి రాగి పోగు ఒకటి లాగి, దానితో నెమ్మదిగా పొడిచాను. ఉక్కు తీగ వాడవద్దు, అది ఇత్తడిని గీకి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. రాగి మెత్తన. పదో పోటుకో పదిహేనో పోటుకో పోగు అవతలికి వచ్చింది. జెట్టును మళ్లీ వెలుతురుకు పట్టాను. చిన్న తెల్లని చుక్క! ఆ చుక్కను అన్నయ్యకు చూపిస్తే చాలాసేపు ఒక కన్ను మూసుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

అందుకే చెబుతున్నాను, శుభ్రం చేయడమంటే పైపైన మెరిపించడం కాదు, ప్రతి జెట్టునూ బయటకు తీసి వెలుతురులో చూడటం. పది నిమిషాల్లో కార్బురేటర్ శుభ్రం అంటూ తీసే వీడియోలు మనుషులను తప్పుదారి పట్టిస్తున్నాయని నా గట్టి అభిప్రాయం. "కార్బురేటర్ కడిగితే చాలు, పరుగెడుతుంది" అని పాత బండ్లు అమ్మేవారి మాట మరీ ఘోరం. అంత తేలికైతే వారే కడిగి, ఎక్కువ ధరకు అమ్ముకునేవారు కదా.

ట్యాంకు సంగతి త్వరగా చెబుతాను. లోపల తుప్పు పట్టి ఉంటే కార్బురేటర్లను ఎన్నిసార్లు కడిగినా వృథా, వారంలో మళ్లీ మూసుకుపోతాయి. నేను నిమ్మ ఉప్పు వాడాను. లీటరు వేడినీళ్లకు సుమారు 60 గ్రాముల చొప్పున కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచాను. ఎర్రటి బురద దిగింది. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, కొంచెం ఆయిలు లోపలంతా తిప్పాను. ఆరబెట్టడంలో ఆలస్యం చేస్తే కళ్లముందే కొత్త తుప్పు పొడి పుట్టుకొస్తుంది. ఇంకొక హెచ్చరిక: కార్బురేటర్‌లోకి వచ్చే పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది సరిగ్గా మూసుకోకపోతే పెట్రోలు ఇంజిన్‌లోకి కారి ఆయిలులో కలుస్తుంది. కాబట్టి స్టార్ట్ చేసే ముందు ఆయిలు వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆ ఆయిలుతో ఇంజిన్ నడపవద్దు.

ఇంజిన్ పలకగానే చాలామంది గేరు వేసి వీధిలోకి వెళ్లిపోతారు. ఇది నాకు అన్నింటికంటే భయం కలిగించే విషయం. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. గట్టి బ్రేకింగ్‌లో అది మరిగితే లివరు చేతికి మెత్తగా తగిలి, బండి ఆగదు. మా బండిలో లివరు దగ్గర బ్రేకు ఆయిలు ఉండే మాస్టర్ సిలిండర్ మూత తీస్తే ఆయిలు కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, అడుగున తెల్లని పలుకులు గడ్డకట్టి ఉన్నాయి. ఆయిలు వెనక్కి వచ్చే సన్నటి రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. అది మూసుకుపోతే లివరు వదిలినా బ్రేకు వదలదు. చక్రం దగ్గర డిస్కును బిగించి పట్టే కాలిపర్లు విప్పి, రబ్బరు సీళ్లు కూర్చునే గాళ్లలో పేరుకున్న తెల్లటి పొడిని చెక్క పుల్లతో గీకి తీశాను, సీళ్లు కొత్తవి వేశాను. కాలిపర్ పిస్టన్లు పట్టేసి ఉంటే గొట్టం విప్పకముందే బ్రేకు లివరు నొక్కుతూ ఆ ఒత్తిడితోనే వాటిని బయటకు తెప్పించండి. ఒకసారి గొట్టం విప్పాక అవి రావడం చాలా కష్టం. ఆ ఆయిలు రంగు మీద పడితే పొరలు లేచిపోతుంది, గుర్తుంచుకోండి. ముందే రంగు వేయించుకున్నవారు ఇక్కడ ఏడుస్తారు.

టైర్లకు గీతలు ఎంత బాగా ఉన్నా నమ్మవద్దు. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి: 3409 అంటే 2009లో 34వ వారం. మూడే అంకెలుంటే అది 2000కు ముందరి టైరు, చర్చ అనవసరం. మావి నిగనిగలాడుతూ కనిపించాయి. గోరు దిగనంత గట్టిగా ఉన్నాయి. రెండూ తీసేశాను.

కరెంటు వైపు ఒకే ఒక పరీక్ష చెబుతాను. పూర్తిగా ఛార్జయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులకు పైన ఉండాలి, ఇంజిన్‌ను 5,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. పెరగకపోతే ఛార్జింగ్ లేదు, 15 దాటితే వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీని ఉడికిస్తుంది. దాన్ని మార్చే ముందు కనెక్టరు తీసి చూడండి. మాకు అక్కడ ప్లాస్టిక్కు కరిగి గోధుమరంగుకు తిరిగి ఉంది.

ఇవన్నీ అయ్యాకే ఫెయిరింగ్. పగుళ్లకు కొత్త ప్యానెళ్లు వెతుక్కోనవసరం లేదు. వెనుకవైపు ఏబీఎస్ అని (అది ప్లాస్టిక్కు రకం పేరు) రాసి ఉంటే, అదే ప్లాస్టిక్కు ముక్కలను ఎసిటోన్‌లో కరిగించి లేపనంలా చేసి పగులు లోపలివైపు పూస్తే ఒకటిగా అతుక్కుంటుంది. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయండి.

మా బండికి ఇంకా రంగు వేయించలేదు. ఎడమవైపు ప్యానెల్ మీద మూరెడు గీత ఉంది, అన్నయ్య మొదటి నెలలోనే పడేసినప్పటిది. ఇప్పుడు రంగు మాట ఎత్తితే ఆయనే వద్దంటున్నాడు.

మీ బండి గురించి రెండు సంగతులు రాయండి: ప్లగ్గులు తీశాక ఇంజిన్ చేత్తో తిరుగుతోందా, ట్యాంకు మూత తీస్తే వాసన పెట్రోలులా ఉందా, వార్నిష్‌లా ఉందా. ఫొటో పెడితే ట్యాంకు లోపలిది పెట్టండి, బయటిది తర్వాత చూద్దాం.