ఎడిటర్‌లో తెరిచిన ఫైల్ పాత్ ఎక్స్‌టెన్షన్‌కి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: కోడ్ రాసుకునే ఎడిటర్ విఎస్ కోడ్‌కి చిన్న ఎక్స్‌టెన్షన్ (అదనపు సౌకర్యం ఇచ్చే ప్రోగ్రామ్) రాస్తున్నాను. కమాండ్ ఇస్తే, తెరిచి ఉన్న ఫైల్ పూర్తి పాత్ (డిస్క్‌లో అది ఉన్న చోటు) క్లిప్‌బోర్డ్‌లోకి రావాలి. ఎక్స్‌టెన్షన్‌ని నడిపే నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్)లో ఉండే డబుల్ అండర్‌స్కోర్ ఫైల్‌నేమ్ (__filename) వాడితే వేరే ఏదో పాత్ వస్తోంది. ఇంకో పద్ధతిలో రాస్తే ఒక్కోసారి 'అన్‌డిఫైన్డ్' అని ఆగిపోతోంది. ఏం చేయాలి?
- బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: డబుల్ అండర్‌స్కోర్ ఫైల్‌నేమ్ చెప్పేది మీ ఎక్స్‌టెన్షన్ తాలూకు జావాస్క్రిప్ట్ ఫైల్ ఎక్కడుందో మాత్రమే. యూజర్ ఏం తెరిచాడో నోడ్‌కి తెలియదు, ఎడిటర్‌నే అడగాలి. విఎస్‌కోడ్ మాడ్యూల్‌లో విండో కింద యాక్టివ్‌టెక్స్ట్‌ఎడిటర్ ఉంటుంది, అందులో డాక్యుమెంట్, దానిలో యూఆర్ఐ (ఫైల్ చిరునామా), ఆ యూఆర్ఐలో ఎఫ్ఎస్‌పాత్. చుక్కలు పెట్టుకుంటూ ఈ వరుసలో వెళ్తే పాత్ వచ్చేస్తుంది.

చివర్లో 'పాత్' కాకుండా 'ఎఫ్ఎస్‌పాత్' అని రాయడం మరచిపోకండి. విండోస్‌లో ఉత్త పాత్ తీసుకుంటే సి డ్రైవ్ ముందు కూడా ఒక ఫార్వర్డ్ స్లాష్ తగిలించి ఇస్తుంది, అది చాలా ప్రోగ్రాముల్లో పేస్ట్ చేస్తే పనికిరాదు. యూఆర్ఐని టూస్ట్రింగ్‌తో మార్చినా చిక్కే, ముఖ్యంగా ఫైల్‌కి తెలుగులో పేరు పెట్టుకునే మనకి: 'లెక్కలు' అని పెట్టిన పేరులో యూనికోడ్ గుర్తు ఒక్కోటి మూడేసి బైట్లు కాబట్టి, ఒక్కోదానికి % గుర్తుతో మొదలయ్యే కోడ్‌లు మూడు వరుసగా వచ్చి ఏ ఫైలో గుర్తుపట్టలేరు. ఎఫ్ఎస్‌పాత్‌లో తెలుగు పేరు తెలుగులోనే వస్తుంది.

ఇక అన్‌డిఫైన్డ్ సంగతి. ట్యాబ్‌లేవీ లేకపోయినా, ఎదురుగా ఉన్నది బొమ్మ ఫైల్ అయినా యాక్టివ్‌టెక్స్ట్‌ఎడిటర్ ఉండదు, ఎందుకంటే అది టెక్స్ట్ ఎడిటర్ మాత్రమే. ముందు ఉందో లేదో చూసి, లేకపోతే యూజర్‌కి ఒక మెసేజ్ చూపించి వెనక్కి వచ్చేయండి. బొమ్మల పాత్ కూడా కావాలంటే ట్యాబ్‌గ్రూప్స్‌లోంచి యాక్టివ్ ట్యాబ్ తీసుకుని, దాని ఇన్‌పుట్ ఏ రకమో చూసి, అందులోని యూఆర్ఐ వాడాలి.

చాలామంది పొరబడేది ఇంకోచోట. ఎక్స్‌టెన్షన్ మొదలైనప్పుడు ఒకసారి నడిచే యాక్టివేట్ ఫంక్షన్‌లో పాత్ ఒకసారి తీసుకుని వేరియబుల్‌లో దాచేస్తారు, యూజర్ ట్యాబ్ మార్చాక కూడా పాత ఫైల్ పేరే వస్తుంది. కమాండ్ నడిచిన ప్రతిసారీ లోపలే అడగాలి.

కమాండ్‌ని ఎక్స్‌ప్లోరర్ (విఎస్ కోడ్‌లో పక్కన కనిపించే ఫైళ్ల జాబితా) రైట్‌క్లిక్ మెనూలో కూడా పెడుతుంటే ఇది తప్పక చేయండి: అక్కడ నొక్కిన ఫైల్ యూఆర్ఐ మీ ఫంక్షన్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా వస్తుంది. అది వస్తే అదే వాడండి, రాకపోతేనే యాక్టివ్ ఎడిటర్ వైపు చూడండి. యూజర్ ఒక ఫైల్‌ని తెరిచి పెట్టుకుని ఇంకో ఫైల్ మీద రైట్‌క్లిక్ చేసినప్పుడు ఆయనకి కావలసింది ఆ రెండోదే కదా!

సేవ్ చేయని కొత్త ఫైల్‌కి డిస్క్ మీద పాత్ ఉండదు, అయినా ఎఫ్ఎస్‌పాత్ 'అన్‌టైటిల్డ్-1' లాంటిదేదో ఇస్తుంది. యూఆర్ఐలో స్కీమ్ (చిరునామా ఏ రకమో చెప్పే మొదటి భాగం) 'ఫైల్' అవునో కాదో చూసుకుంటే ఈ బాధ తప్పుతుంది. పాత్‌ని క్లిప్‌బోర్డ్‌లోకి పంపడానికి అదే విఎస్‌కోడ్ మాడ్యూల్‌లో ఎన్వ్ కింద ఉన్న క్లిప్‌బోర్డ్ రైట్‌టెక్స్ట్ వాడండి, పని పూర్తయ్యేదాకా ఆగేలా దాని ముందు అవెయిట్ పెట్టండి.