మార్కెట్ డల్‌గా ఉన్నప్పుడు మోడలింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 22 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఏడాదిగా హైదరాబాద్ ఏజెన్సీలకు ఫొటోలు పంపుతున్నాను. "ఇప్పుడు పనుల్లేవు, తర్వాత చూద్దాం" అంటున్నారు. నిజంగానే పనుల్లేవా, నన్ను వదిలించుకుంటున్నారా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: రెండూ కొంత నిజమే. గిరాకీ తగ్గితే యజమాని ముందు కోసేది ప్రకటనల ఖర్చు. హోర్డింగులు, టీవీ యాడ్లు, ర్యాంప్ షోలు ఆగిపోతాయి. పెద్ద ఏజెన్సీలకు వచ్చే పని ఎక్కువగా అదే కాబట్టి వాళ్ల దగ్గర ఖాళీయే కనిపిస్తుంది. ఆ పైన ర్యాంప్‌కి అమ్మాయిల్ని 5 అడుగుల 8 అంగుళాలకు తక్కువైతే సాధారణంగా తీసుకోరు. ఆ తలుపు దగ్గర కాచుకుని కూర్చోకండి.

ఆగనిది ఒకటుంది. సరుకు బీరువాలో ఉంటే అమ్ముడుపోదు, ఎవరో ఒకరు కట్టుకుని చూపించాలి. ఆన్‌లైన్ కాటలాగ్ ఫొటోలు, చీరల షాపుల లైవ్ వీడియోలు డల్ సీజన్‌లోనూ నడుస్తాయి. హోర్డింగ్ మానేసిన షాపు లైవ్ పెంచడమూ మామూలే. వీటికి మీ ఎత్తు చాలు. మీ ఊళ్లోనే వస్త్రలత హోల్‌సేల్ దుకాణాలున్నాయి, బీసెంట్ రోడ్డు ఉంది. రోజూ లైవ్ పెట్టే షాపులు ఏవో వారం రోజులు ఫోన్‌లో చూసి రాసుకోండి. శనివారం సాయంత్రం కాకుండా, మధ్యవారంలో షాపు తీసిన గంటకి వెళ్లండి. యజమాని దొరక్కపోతే వీడియో తీసే కుర్రాణ్ని కలవండి, రేపు ఎవరు రావాలో అతనికే తెలుస్తుంది.

లైవ్‌లో ముంబై నుంచి వచ్చిన మోడల్ కంటే మీరే మేలు, తెలుగులో మాట్లాడగలరు కదా. కానీ "చాలా బాగుందండి" అని పదిసార్లు అంటే సరిపోదు. గద్వాల చీరలో నూలు నేతకు పట్టు అంచు, కొంగు ఎలా కలుపుతారో, ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది తర్వాత నేయడమంటే ఏమిటో, బ్లౌజ్ ముక్క చీరతో కలిపి ఉందో విడిగా ఉందో చెప్పగలగాలి. చూసేవాళ్లు అడిగేది అదే.

వెళ్లే వేళ కూడా ముఖ్యం. శ్రావణమాసం సరుకు ఫొటోలు ఆషాఢంలోనే తీస్తారు. దసరా, దీపావళి షూట్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో. అక్షయ తృతీయ నగల ప్రకటనలకు నెల ముందే ఎంపికలు అయిపోతాయి. మూఢం వచ్చి ముహూర్తాలు లేని రోజుల్లో పెళ్లిపట్టు షూట్ల కోసం తిరిగితే చెప్పులు అరగడం తప్ప ఏమీ ఉండదు.

ఇక ఫొటోలు. ఖరీదైన పోర్ట్‌ఫోలియో (మోడల్ ఫొటోల ఆల్బం) కంటే ముందు అడిగేవి 'డిజిటల్స్', అంటే మీరు ఉన్నది ఉన్నట్టు కనిపించే సాదా ఫొటోలు. మేకప్ లేకుండా, జుట్టు వెనక్కి కట్టి, ఒంటికి అతికే సాదా టీషర్టు, జీన్సుతో, తెల్లగోడ ముందు, కిటికీ వెలుతురులో తీయాలి. ముఖం ఒకటి, నవ్వుతో ఒకటి, రెండు పక్కల నుంచి, వెనక నుంచి, నిలువెత్తు ఒకటి. ఫోన్ నడుము ఎత్తులో పట్టుకుని, ఎనిమిది తొమ్మిది అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీయించండి, నాలుగడుగుల నుంచి వద్దు. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. ఫిల్టర్ వాడారో, ఫొటో పక్కన పడేస్తారు.

కొలతల్లో అబద్ధం వద్దు. షూట్‌కి వచ్చే శాంపిల్ జాకెట్ ఒకే సైజులో ఉంటుంది. వదులైతే వెనక క్లిప్పులు పెట్టి బిగిస్తారు, బిగుతైతే ఎవరూ ఏమీ చేయలేరు. నడుము రెండంగుళాలు తగ్గించి రాసినవాళ్లు మేకప్ కుర్చీలోంచే ఇంటికి వెళ్తారు. కాటలాగ్‌లో ఒక్క రోజులో పాతిక, ముప్పై చీరలు మారుస్తారు. అంటే చీరకు పావుగంట. చర్మం రంగు లోదుస్తులు, నలుపు, తెలుపు లంగాలు, రెండు డజన్ల పిన్నులు, ఒక జత హీల్స్ మీ సంచిలో ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఆరడుగులుంటాడు. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీవాళ్లు పోర్ట్‌ఫోలియో, రిజిస్ట్రేషన్ కలిపి 45,000 కడితే మూడు నెలల్లో బ్రాండ్ షూట్లు ఖాయమన్నారు. కట్టమంటారా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: కట్టకండి. సరైన ఏజెన్సీకి ఆదాయం పని ఇప్పించాక వచ్చే డబ్బులోంచి కోసుకునే కమిషన్. ముందే డబ్బు తీసుకున్నవాడికి మీ అబ్బాయికి పని దొరికినా దొరక్కపోయినా ఒకటే. పనులు తగ్గినప్పుడే ఇలాంటి ఆఫీసులు ఎక్కువవుతాయి, ఆశతో తిరిగేవాళ్లు ఎక్కువ కాబట్టి.

ఒక చిన్న పరీక్ష పెట్టండి. "ఫొటోలు మేమే వేరేచోట తీయించుకుంటాం, పని వచ్చాక కమిషన్ తీసుకోండి" అనండి. ఒప్పుకోకపోతే అది ఏజెన్సీ కాదు, ఫొటో స్టూడియో. గోడ మీద అంటించిన బ్రాండ్ల పేర్లలో ఒకదాని మార్కెటింగ్ విభాగానికి మీరే ఫోన్ చేసి అడగండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. గంటల్లో చెబితే ఆ సొమ్మును బ్యాంకులో ఆపే అవకాశం ఉంటుంది, వారం ఆగితే కష్టం.

ఫొటోలకు తక్కువ ఖర్చు దారి ఉంది. పనుల్లేని రోజుల్లో కొత్త ఫొటోగ్రాఫర్లు, మేకప్ నేర్చుకున్నవాళ్లు కూడా ఖాళీగానే ఉంటారు. ముగ్గురూ కలిసి, ఎవరూ ఎవరికీ డబ్బివ్వకుండా, తలా ఫొటోలు పంచుకోవచ్చు. మూడు రకాల బట్టలు చాలు. ఆ ఫొటోలు ఎవరు ఎక్కడ వాడొచ్చో వాట్సాప్‌లోనైనా ముందే రాసుకోండి.

ప్రశ్న: నాలుగేళ్లుగా చేస్తున్నాను. పాత క్లయింట్ "మార్కెట్ బాలేదు, సగం రేటుకి రా" అంటున్నారు. పాత డబ్బు కూడా మూడు నెలలుగా ఇవ్వలేదు.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రేటు తగ్గించకండి, ఇచ్చేది తగ్గించండి. ఉదాహరణకు మీ రోజు రేటు 20,000, అందులో మీ ఫొటోలను ఏడాది పాటు వెబ్‌సైట్, హోర్డింగుల మీద వాడుకునే హక్కు ఉందనుకోండి. 12,000కి మూడు నెలలు, వెబ్‌సైట్ ఒక్కటే, నాలుగు గంటల షూట్ అని చెప్పండి. రేపు మార్కెట్ లేచాక వాడకం పెంచితే డబ్బు పెరుగుతుంది. ఊరికే సగం చేస్తే అదే మీ కొత్త రేటు అయిపోతుంది, దాన్ని మళ్లీ ఎత్తడం మహా కష్టం.

ఒప్పందంలో 'ఇన్ పర్పెచ్యుయిటీ' అనే మాట ఉంటే కొట్టేయించండి, శాశ్వతంగా వాడుకుంటామని దాని అర్థం. ఇంకోటి, 2025లో దుస్తుల కంపెనీ హెచ్ అండ్ ఎం 30 మంది మోడళ్లకు ఏఐ ప్రతిరూపాలు తయారు చేయిస్తామని ప్రకటించింది. మన దగ్గర చిన్న షాపులు కూడా ఒక ఫొటో తీసి, అదే ముఖానికి వంద చీరలు ఏఐతో కడుతున్నాయి. "ఏఐతో మార్చాలన్నా, కొత్త బొమ్మలు చేయాలన్నా విడిగా అనుమతి, విడిగా రుసుము" అని ఒక వాక్యం రాయించుకోండి.

బాకీకి ఒక ఆయుధం ఉంది. చిన్న సంస్థల నమోదుకు కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో ఉచితంగా సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు, సేవలందించేవాళ్లకూ వర్తిస్తుంది. అప్పుడు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి చిన్న సంస్థల (ఎంఎస్‌ఎంఈడీ) చట్టం చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ కూడా పడుతుంది. నమోదు పనికి ముందే అయి ఉండటం మేలు, పాత బాకీకి ఇది అక్కరకు రాకపోవచ్చు. దానికి తేదీ, పని వివరం, మొత్తం రాసిన బిల్లు ఈమెయిల్‌లో పంపి, అది తీరాకే తర్వాతి షూట్‌కి తేదీ ఇవ్వండి. కొత్త షూట్‌కి సగం అడ్వాన్స్ తీసుకోండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, జుట్టు సగం తెల్లబడింది. ఈ వయసులో అవకాశం ఉందా?
– ఓ గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. పట్టుచీరలు, నగలు, ఆసుపత్రులు, బీమా, వంటనూనెల ప్రకటనల్లో అమ్మ, అత్తగారి పాత్రలకు మీ వయసువాళ్లు కావాలి, వచ్చేవాళ్లు తక్కువ. ఎంపిక అయ్యేదాకా జుట్టుకు రంగు వేయకండి. చేతులు, మెడ బాగుంటే వాటి దగ్గరి ఫొటోలు కూడా పంపండి, గాజులు, హారాల షూట్లకు ముఖం అక్కర్లేదు.