పెళ్లిరోజు మిద్దెతోటకు కార్డు వాయిదాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. చేతికి నెలకు 46,000 రూపాయల జీతం వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 32,000, చీటీకి 5,000 పోతాయి. నా భార్యకు మొక్కలంటే ప్రాణం. పెళ్లిరోజు కానుకగా, మేము అద్దెకుంటున్న ఇంటి డాబా మీద తోట మొత్తం ఒకేసారి ఏర్పాటు చేయిద్దామనుకుంటున్నాను. ఇనుప స్టాండ్లు, సగానికి కోసిన డ్రమ్ములు, షేడ్‌నెట్, టైమరున్న డ్రిప్ కలిపి 84,000 చెప్పారు. కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తారట. కార్డులో ఇప్పటికే 62,000 బాకీ ఉంది. నెలకు 3,100 కనీస మొత్తం కడుతున్నాను. బ్యాంకులో 21,000 ఉన్నాయి. ఈఎంఐ మేలా, ఇంట్లో గాజులు కుదువపెట్టడం మేలా? ఏ వస్తువులు నిజంగా పనికొస్తాయి? చెల్లెలి గృహప్రవేశానికి కూడా మొక్కల కానుక చెప్పండి.

జవాబు: భార్య గాజులు కుదువపెట్టి ఆ భార్యకే కానుక కొనడం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఈఎంఐ కోసం. సరదాగా మొదలుపెట్టి, చేయి తిరిగేకొద్దీ పెంచుకోవలసిన వ్యాపకానికి మొదటి రోజే సరంజామా అంతా అప్పు మీద కొనేవారు నాకు తరచుగా తారసపడుతున్నారు. కెమెరాలు, వ్యాయామ యంత్రాల తరువాత ఇప్పుడు మిద్దెతోటల వంతు వచ్చింది.

ముందు మీ లెక్కే చూడండి. జీతంలో ఖర్చులు, చీటీ, కార్డుకు కట్టే 3,100 పోగా మీ చేతిలో మిగిలేది 5,900. వాయిదా 7,000. అంటే తోటకు మొదటి నీళ్లు పోసిన నెల నుంచే 1,100 తగ్గుతుంది, ఆ తగ్గినదీ కార్డు మీదకే వెళుతుంది. ఇక పాత బాకీ సంగతి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 62,000 మీద 2,170, దానిపై 18 శాతం జీఎస్టీ మరో 390 అవుతాయి. మీరు కట్టే 3,100లో అసలుకు జమయ్యేది దాదాపు 540 రూపాయలే. బాకీ నడుస్తున్న కార్డుకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు కాబట్టి, ఆ కార్డుతో కొన్న విత్తనాల ప్యాకెట్టుకు సైతం కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నో కాస్ట్ అన్న మాటకు అర్థం, వడ్డీకి సరిపడా తగ్గింపును ధరలో చూపిస్తారని మాత్రమే. ఆ వడ్డీపై జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీ నెత్తినే పడతాయి. నగదు ఇచ్చి బేరమాడితే తగ్గే ధర ఎలాగూ మీకు దక్కదు.

నన్ను అసలు కలవరపెట్టినది మీ బ్యాంకు నిల్వ. 21,000 మీ ఇంటికి ఇరవై రోజుల ఖర్చు. ఒక నెల జీతం ఆగినా, ఇంట్లో ఒకరు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నా మీకు మళ్లీ ఆ కార్డే దిక్కు. ఆరు నెలల ఖర్చు, అంటే 1,92,000, అత్యవసర నిధిగా ఉండేవరకు మీ విషయంలో మరే పెట్టుబడి గురించీ నేను మాట్లాడను. ఉన్న 21,000 కదపకండి. మిగులుతున్న 5,900ను కనీస మొత్తానికి కలిపి నెలకు 9,000 చొప్పున కార్డుకు కట్టి, కొత్తగా ఏమీ గీకకుండా ఉంటే తొమ్మిది నెలల్లో బాకీ తీరుతుంది. ఆ తరువాత అదే 9,000 నిధికి మళ్లిస్తే 19 నెలల్లో లక్ష్యం చేరుతారు. ఈలోగా చీటీ చేతికి వస్తే ఆ డబ్బు కూడా ఇక్కడికే రావాలి. జీతం ఖాతా ఉన్న బ్యాంకులో తక్కువ వడ్డీకి రుణం దొరికితే దానితో కార్డు బాకీ తీర్చడం మరో దారి, అయితే కార్డును బీరువాలో పెట్టి తాళం వేయగలిగినవారికే అది పనిచేస్తుంది. ఆరోగ్య బీమా ఊసు మీ ఉత్తరంలో లేదు. సొంత పాలసీ లేకపోతే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు.

వస్తువుల విషయానికి వస్తే, నేను కూడా ఏడేళ్లుగా డాబా మీద కూరగాయలు పండిస్తున్నాను కనుక కొంత అనుభవంతోనే చెబుతున్నాను. సగం డ్రమ్ము తడిమట్టితో నిండితే 120 కిలోలకు తగ్గదు. మనుషులు తిరిగే డాబాకు, కట్టడాలు మోయాల్సిన బరువులను చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కగట్టే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలే. అద్దె ఇంట్లో యజమానిని అడగకుండా అలాంటివి వరుసగా పేర్చితే, రేపు స్లాబు కారినప్పుడు అడ్వాన్సులో కోత పడేది మీకే. టైమరున్న డ్రిప్ తరచుగా ఊళ్లు తిరిగేవారికి ఉపయోగమే. ఇంట్లో ఉండేవారు చేత్తో నీళ్లు పోస్తేనే ఆకు కింద చేరిన పేనుబంక కంటబడుతుంది. తేమ కొలిచే మీటరు పని మట్టిలో గుచ్చిన వేలు చేస్తుంది. అయిదారు పరికరాల కిట్లలో నేను వాడేది చిన్న తాపీ ఒక్కటే, మిగిలినవి తుప్పు పడుతున్నాయి. కొమ్మలు కత్తిరించే కత్తెర మాత్రం మంచిది కొనండి. పల్చటి సంచులు రెండో వేసవికి అంచుల దగ్గర పొడిపొడిగా రాలిపోతాయి కాబట్టి, ఎండను తట్టుకునే మందపాటివి తీసుకోండి. అయిదు కిలోల కొబ్బరిపొట్టు దిమ్మె నానితే దాదాపు 70 లీటర్లవుతుంది, దానిని ఒకటి రెండుసార్లు కడిగి ఉప్పు పోగొట్టాకే మట్టిలో కలపండి.

పక్కనే కడియం పెట్టుకుని 84,000 సెట్టు కొనడమేమిటి? పెళ్లిరోజున మీ ఆవిడను అక్కడి నర్సరీలకు తీసుకెళ్లి 4,000 రూపాయలు ఆమె చేతిలో పెట్టండి. మొక్కలు ఆమెనే ఎంచుకోనివ్వండి. మిగిలిన దానిలో పది సంచులు, ఆ కత్తెర, వర్మీకంపోస్టు, వేపపిండి, తోటకూర, గోంగూర విత్తనాలు వచ్చేలా చూసుకోండి. ఈ నెల కార్డుకు 9,000 బదులు 5,000 కట్టండి. ఈ ఒక్క మినహాయింపుకు నేను ఒప్పుకుంటాను. షేడ్‌నెట్ గురించి వచ్చే వేసవికి ముందు ఆలోచించవచ్చు.

మీ చెల్లెలికి మట్టికుండీలో వేళ్లు బాగా పట్టిన మల్లె అంటునో, కరివేపాకు మొక్కనో ఇవ్వండి. కుండీ అడుగున రంధ్రం ఉందో లేదో చూసి మరీ కొనండి, రంగులు వేసిన అలంకరణ కుండీలలో చాలావాటికి అది ఉండదు.